ఎవరి గంట, ఎవరి డాలరు

ఫ్లోరిడా వాయవ్య తీరాన, గల్ఫ్ ఒడ్డున ఉన్న ఒక కాండొమినియం రిసార్టుకు నేను మేనేజరుగా పనిచేస్తున్నాను. బాపట్లలో ఎవరైనా అడిగితే మా అమ్మ "మావాడు సముద్రం ఒడ్డున హోటలు చూసుకుంటున్నాడు" అని చెబుతుంది. ఆమె మాటను సరిదిద్దడం మానేసి చాలా కాలమైంది. నిజానికి నేను చూసుకునేది హోటలు కాదు. హోటలుకు యజమాని ఒకడుంటాడు, గల్లాపెట్టె ఒకటుంటుంది, లాభమొచ్చినా నష్టమొచ్చినా అందులోనే తేలుతుంది. మా రిసార్టులో 150 ఫ్లాట్లున్నాయి, వాటికి దాదాపు అంతమంది యజమానులున్నారు. గల్లాపెట్టెలు ఎన్ని అని అడిగితే మాత్రం నేను వెంటనే జవాబు చెప్పలేను. సిబ్బందిని నడపడం ఒక పని, డబ్బు లెక్క చూడడం మరొక పని అని ఈ ఉద్యోగంలో చేరేముందు అనుకునేవాణ్ణి. ఒక పనివాడు ఫలానా గంట ఎవరి కోసం పనిచేశాడో తేల్చగలిగితే సగం పద్దు తేలినట్టేనని, అది తేల్చలేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరు కొన్నా ఆ పద్దును నమ్మలేమని చేరిన తరువాతే తెలిసింది.

విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో అపార్టుమెంటులో ఉండేవారికి ఈ ఏర్పాటు సగం పరిచయమే. ఫ్లాటు మీది, దాని కింది నేలలో విడదీయని వాటా మీది, మెట్లూ లిఫ్టూ పైకప్పూ అందరివీ. నెలనెలా మెయింటెనెన్సు కడతారు, మొదట్లోనే కార్పస్ ఫండ్ కడతారు, వీలు చిక్కినప్పుడల్లా అసోసియేషన్ కార్యదర్శితో పోట్లాడతారు. ఇక్కడా అంతే. ఫ్లోరిడా చట్టాల్లో 718వ అధ్యాయం కాండొమినియంలకు సంబంధించినది. యజమానులు ఎన్నుకున్న బోర్డు అసోసియేషన్‌ను నడుపుతుంది. పదికి మించి ఫ్లాట్లున్నా, ఏడాది బడ్జెట్ 1,00,000 డాలర్లు దాటినా, జీతం తీసుకుని దాన్ని నిర్వహించే మనిషికి రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. తేడా ఎక్కడంటే, మా యజమానుల్లో ఎక్కువమంది ఇక్కడ కాపురముండరు. అట్లాంటాలోనో నాష్‌విల్‌లోనో ఉంటూ, ఏడాదికి రెండు మూడు వారాలు వచ్చి పోతూ, మిగిలిన రోజుల్లో ఫ్లాటును విహారానికి వచ్చేవారికి అద్దెకిస్తారు. అందువల్ల ఒకే కట్టడంలో రెండు సంస్థలు పనిచేస్తాయి. ఒకటి అసోసియేషన్, దానికి లాభాపేక్ష లేదు, అది డ్యూస్ (అక్కడి మెయింటెనెన్సు) వసూలు చేసి అందరి ఆస్తినీ కాపాడుతుంది. రెండవది అద్దెల కార్యాలయం. అది అచ్చమైన వ్యాపారం, అద్దెలో తన కమిషన్ తీసుకుని మిగిలినది యజమానికి పంపుతుంది. పైగా ప్రతి యజమానీ అద్దెల కార్యక్రమంలో ఉండడు. కొందరు తమ ఫ్లాటును ఎయిర్‌బీఎన్‌బీ, వీఆర్‌బీవో వంటి అద్దెల వెబ్‌సైట్లలో సొంతంగా పెట్టుకుంటారు. వారు డ్యూస్ కడతారు కాబట్టి అసోసియేషన్ పనివాడి జీతంలో వారికి వాటా ఉంది. అద్దెల కార్యాలయం పనివాడి జీతంతో వారికి ఏ సంబంధమూ లేదు. రెండు చోట్లా పనిచేసేది మాత్రం ఆ మనుషులే.

ఒక ఉదాహరణ చెబితే ఇది సులువుగా అర్థమవుతుంది. జూలైలో ఒక ఆదివారం రాత్రి ఎనిమిదో అంతస్తులోని ఒక ఫ్లాటులో ఏసీ నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోయింది. ఈ తేమలో అది ఎప్పుడూ జరిగేదే. నెలకోసారి ఆ గొట్టంలో కాస్త వెనిగర్ పోస్తే పోయేది, ఎవరూ పోయరు. నీళ్ళు కిందికి దిగి ఏడో అంతస్తు పడకగది పైకప్పు తడిసింది, ఆరో అంతస్తులో గోడ ఉబ్బింది. మా టెక్నీషియన్ నాలుగు గంటలు పనిచేశాడు. గొట్టం శుభ్రం చేసిన గంట ఎనిమిదో అంతస్తు యజమానిది. ఏడో అంతస్తులో ఉన్న అతిథులను వేరే ఫ్లాటులోకి మార్చి, సామాను మోసిన గంట అద్దెల కార్యాలయానిది. తడిసిన గోడలను కోసి ఫ్యాన్లు పెట్టిన రెండు గంటల సంగతి అంత తేలికగా తేలదు. చట్టం ప్రకారం గోడలోని జిప్సం పలక అసోసియేషన్ తీసుకున్న బీమా పరిధిలోకి వస్తుంది, దాని మీది రంగు, నేల మీది కార్పెట్, వంటగది అలమరలు యజమాని సొంత బీమా పరిధిలోకి వస్తాయి. పైగా ఆ ప్రమాదం అసలు బీమా వర్తించేదా కాదా అన్నది ముందు తేలాలి. నేను చేరకముందు ఇలాంటి రాత్రి పనులన్నీ "మెయింటెనెన్స్, 4 గంటలు" అని ఒకే వరుసలో రాసి, మొత్తాన్నీ అసోసియేషన్ ఖర్చులో వేసేవారు. దొంగతనం ఉద్దేశంతో కాదు, అలసటతో. కానీ సొంతంగా అద్దెకిచ్చుకునే యజమాని ఒకాయన ఏడాది వర్క్ ఆర్డర్లు తెప్పించుకుని, తన డ్యూస్‌తో పక్కవాడి అతిథుల సామాను మోయించారని బోర్డు సమావేశంలో నిలదీసినప్పుడు, మా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన స్వరం నాకు నచ్చలేదు, ఆయన లెక్క మాత్రం సరిగ్గానే ఉంది. అప్పటినుంచి టెక్నీషియన్ ఫోనులో గంట నమోదు చేసేటప్పుడు మూడు గుర్తుల్లో ఒకటి నొక్కకపోతే పని ముగిసినట్టు నమోదు కాదు: అసోసియేషన్, అద్దెలు, ఫలానా యజమాని. మొదటి నెల అందరూ విసుక్కున్నారు. ఇప్పుడు కొత్తగా వచ్చినవారికి పాతవారే నేర్పుతున్నారు.

సిబ్బంది విషయంలో అసలు పరీక్ష శనివారం. వేసవిలో అద్దెలు ఎక్కువగా శనివారం నుంచి శనివారం వరకే ఉంటాయి. ఉదయం పది గంటలకు పాత అతిథులు ఖాళీ చేయాలి, సాయంత్రం నాలుగింటికి కొత్తవారు రావాలి. మధ్యలో ఉన్నది ఆరు గంటలు. రెండు పడకగదుల ఫ్లాటును ఒక మనిషి సరిగ్గా శుభ్రం చేయడానికి మూడు గంటలు పడుతుంది, ఇసుక సోఫాల మడతల్లోకీ షవర్ జాలీలోకీ చేరుతుంది కాబట్టి అంతకంటే తగ్గదు. ఒక శనివారం 100 ఫ్లాట్లు మారుతున్నాయంటే 300 గంటల పని, అంటే ఆ ఒక్క పూటకు 50 మంది కావాలి. ఆదివారం వారిలో పదిమందికి కూడా పని ఉండదు. ఒక్క పూట కోసం 50 మందిని ఎక్కడినుంచి తెస్తాం, మిగిలిన ఆరు రోజులు వారు ఏం తింటారు? దీనికి నేను చేసిన పని ఒక్కటే, అదీ సిబ్బంది వైపు నుంచి కాదు, బుకింగుల వైపు నుంచి. మూడో వంతు ఫ్లాట్లను ఆదివారం మార్పుకూ, మరికొన్నిటిని శుక్రవారం మార్పుకూ మళ్ళించాను. శనివారమే కావాలని పట్టుబట్టే అతిథులు కొందరు పోతారని అద్దెల కార్యాలయం వారు భయపడ్డారు. కొందరు పోయారు కూడా. కానీ ఏజెన్సీ నుంచి ఒక్క రోజుకు తెప్పించే మనుషుల ఖర్చు, వారు మరచిపోయిన ఫ్లాట్లకు ఇచ్చుకున్న రాయితీలు తగ్గాయి, అంతకంటే ముఖ్యంగా, మా సొంత హౌస్‌కీపర్లకు వారానికి మూడు నిండు రోజుల పని దొరికింది.

హౌస్‌కీపర్లకు ఫ్లాటుకింత అని ఇవ్వడం ఈ తీరమంతటా ఉన్న అలవాటు. అందులో తప్పు లేదు. పని చకచకా సాగుతుంది, అనుభవం ఉన్నవారు బాగా సంపాదిస్తారు. అయితే ఫ్లాటుకింత అని ఇచ్చినంత మాత్రాన గంటలు రాయనక్కరలేదని అనుకునే యజమాన్యాలు చాలా ఉన్నాయి. అమెరికా కార్మిక చట్టం వారానికి 40 గంటలు దాటిన పనికి ఓవర్‌టైమ్ అడుగుతుంది, ఫ్లాటు లెక్కన జీతం ఇచ్చినా సరే. ఒక హౌస్‌కీపర్ వారంలో ఫ్లాటుకు 60 డాలర్ల చొప్పున 14 ఫ్లాట్లు చేసింది అనుకుందాం, 840 డాలర్లు. ఆమె పనిచేసిన గంటలు 50. అంటే గంటకు 16.80 పడింది. 40 దాటిన పది గంటలకు అందులో సగం, 8.40 చొప్పున, మరో 84 డాలర్లు ఆమెకు రావాలి. ఈ 84 డాలర్లు ఇవ్వకుండా మిగుల్చుకున్నామనుకునేవారికి రెండు మూడేళ్ళ బకాయి, అంతే మొత్తంలో నష్టపరిహారం, వకీలు ఖర్చు కలిపి ఒక్కసారిగా ఎదురవుతాయి. కనీస వేతనం సంగతి కూడా మరువరాదు. 2020లో ఫ్లోరిడా ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణ ప్రకారం 2021 సెప్టెంబరు 30న అది 10 డాలర్లయింది, ఆపైన ఏటా అదే తేదీన ఒక్కో డాలరు పెరుగుతూ 2026లో 15కు చేరుతుంది. ముందే తెలిసిన ఖర్చు ఇంతకంటే ఉండదు, అయినా ప్రతి శరదృతువులోనూ "జీతాలు ఇంత ఎందుకు పెరిగాయి" అని అడిగే యజమాని ఒకరుంటారు.

వేసవి మూడు నెలలకు జే-1 వీసా మీద విద్యార్థులు వస్తారు. వారి దేశంలో విశ్వవిద్యాలయ సెలవుల్లో, నాలుగు నెలలకు మించకుండా, ఇక్కడ పనిచేసి పోయే కార్యక్రమం అది. వారి జీతం మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు పడవు కాబట్టి యజమాన్యానికి 7.65 శాతం మిగులుతుంది. ఆ అంకెను చూసి వారు చవక అనుకునేవారు వారి వసతి, రాకపోకల గురించి ఆలోచించరు. తీరం పక్కన అద్దెలు విహారానికి వచ్చేవారి జేబును బట్టి ఉంటాయి; ఇక్కడ పనిచేసేవారు వంతెన దాటి లోతట్టు ఊళ్ళనుంచి రావలసిందే. కారు లేని విద్యార్థి రాత్రి పదింటికి నాలుగు వరుసల రహదారి పక్కన సైకిలు తొక్కుతూ పోతుంటే నాకు నిద్ర పట్టదు. 2018 అక్టోబరు 10న హరికేన్ మైకేల్ మెక్సికో బీచ్ దగ్గర ఐదో శ్రేణి బలంతో తీరం దాటినప్పుడు పనామా సిటీ చుట్టుపక్కల పనివాళ్ళు ఉండే ఇళ్ళు ఎన్నో దెబ్బతిన్నాయి. అతిథుల గదులు తెరుచుకున్నా వాటిని ఊడ్చేవారికి తల దాచుకునే చోటు లేని పరిస్థితి ఈ ప్రాంతం చూసింది. అందుకే మా అద్దెల కార్యాలయం రెండు పాత ఇళ్ళను ఏడాది పొడవునా లీజుకు తీసుకుంటుంది. చలికాలంలో అవి ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ అద్దెను వృథా ఖర్చు అనడానికి నేను ఒప్పుకోను.

మధ్యలో ఒక చిన్న మాట. మే 1 నుంచి అక్టోబరు 31 వరకు మా తీరంలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. రాత్రి సముద్రం వైపు దీపాలు కనిపించకూడదు, ఇసుక మీద కుర్చీలు ఉండకూడదు. మా రాత్రి కాపలా మనిషి అంతస్తులన్నీ తిరిగి, బాల్కనీ దీపాలు ఆర్పండి, తెరలు వేయండి అని తలుపులు తడుతుంటాడు. తాబేలు కోసం ఖర్చు చేసిన గంట ఎవరిదని ఒక ఇన్‌స్పెక్టర్ నన్ను నవ్వుతూ అడిగింది. అసోసియేషన్‌దే, నేల అందరిదీ కదా.

ఇక అద్దె డబ్బు. అతిథి జనవరిలో జూన్ వారానికి అడ్వాన్సు పంపుతాడు. ఆ డబ్బు మా బ్యాంకులోనే ఉన్నా మాది కాదు, ఇంకా యజమానిది కూడా కాదు. అతిథి వచ్చి దిగేదాకా దాన్ని ట్రస్టు ఖాతాలో ఉంచుతాం. అద్దె మీద రాష్ట్రం 6 శాతం అమ్మకం పన్ను, దానిపైన కౌంటీ పర్యాటక పన్ను వసూలు చేస్తాం; అది ప్రభుత్వానిది, తరువాతి నెల 20వ తేదీలోపు కట్టేయాలి. మార్చినాటికి ఖాతాలో పెద్ద మొత్తం కనబడుతుంది. సరిగ్గా అప్పుడే పరుపులు మార్చాలి, దుప్పట్లు కొనాలి, చలికాలంలో రాబడి లేక జీతాలకు కటకట. ఎదురుగా కనబడుతున్న డబ్బును నెలరోజులు వాడుకుని మేలో తిరిగి పెట్టేద్దామనిపిస్తుంది. అద్దెల కంపెనీలు ఎక్కువగా మునిగేది అక్కడే అని నా అభిప్రాయం. అసోసియేషన్ వైపు చట్టం ఇంకా గట్టిది. అసోసియేషన్ ఖర్చులకు దాని పేరిట డెబిట్ కార్డు వాడడాన్నే 2017లో ఫ్లోరిడా నిషేధించింది. ఏడాది రాబడి 5,00,000 డాలర్లు ఉన్నా, దాటినా ఆడిట్ చేయించాలి. చెక్కు మీద రెండు సంతకాలు, బ్యాంకు స్టేట్‌మెంటును సరిచూసేది చెక్కులు రాయని మనిషి, ఇవి మా బోర్డు పెట్టుకున్న నియమాలు. చిన్న కార్యాలయంలో ఇద్దరే గుమస్తాలున్నచోట ఈ విభజన విసుగు పుట్టిస్తుంది, అయినా సడలించను.

అద్దెల విషయంలో యజమానులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: పక్కవాడి ఫ్లాటుకు బుకింగ్ వచ్చింది, నాకెందుకు రాలేదు? అద్దెలన్నీ ఒకే కుండలో పోసి వాటాలు పంచితే ఈ గొడవే ఉండదు కదా అని చాలామంది సూచిస్తారు. అలా చేయకపోవడానికి కారణం ఇదే రాష్ట్రంలోని ఒక నారింజ తోట. లేక్ కౌంటీలో హోవీ అనే కంపెనీ తోటలో ముక్కలు అమ్ముతూ, సాగూ అమ్మకమూ తామే చూసుకుని లాభం పంచుతామని ఒప్పందాలు చేసుకుంది. కొన్నవారిలో ఎక్కువమంది ఆ కంపెనీ రిసార్టులో దిగిన అతిథులే. 1946లో అమెరికా సుప్రీంకోర్టు అది నేల అమ్మకం కాదు, పెట్టుబడి పత్రం అమ్మకమేనని తీర్పు చెప్పింది. 1973లో షేర్ల అమ్మకాలను నియంత్రించే సెక్యూరిటీస్ కమిషన్ అదే తర్కాన్ని కాండొమినియంలకు వర్తింపజేసి, అద్దెల కుండ పెట్టినా, రాబడిని ఎరగా చూపి అమ్మినా షేర్ల మాదిరిగా నమోదు చేయాల్సి రావచ్చని చెప్పింది. అందుకే ఏ ఫ్లాటు అద్దె ఆ ఫ్లాటుదే. అందుకే డాలస్ నుంచో అట్లాంటా నుంచో మన తెలుగువారు ఫోన్ చేసి "అన్నా, ఇక్కడ ఒక టూ బెడ్‌రూమ్ కొంటే ఏడాదికి ఎంత వస్తుంది? మీరు లోపలి మనిషి కదా" అని అడిగితే నేను అంకె చెప్పను. పొగరనుకుంటారు. గత ఏడాది డ్యూస్ ఎంత, రిజర్వు (పెద్ద రిపేర్లకు కూడబెట్టిన నిధి) ఎంత, రాబోయే రిపేర్లు ఏమిటి అని అడగండి, గంటసేపు చెబుతాను అంటాను. ఆ మూడూ అడిగినవారు ఇంతవరకు ఇద్దరే.

రిజర్వు అన్న మాట దగ్గరే మా అసలు తగాదా. "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని మనవాళ్ళు ఊరకే అనలేదు. ఉప్పుగాలి కాంక్రీటు పగుళ్ళలోంచి లోపలికి దిగి ఇనుప చువ్వను తింటుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. బాల్కనీ అంచున గోధుమరంగు మరక కనబడేసరికి లోపల పని చాలా జరిగిపోయి ఉంటుంది. దానికి ఏటా కొంత కూడబెట్టాలని చట్టం చెబుతూనే, యజమానులు ఓటు వేసి ఆ ఏటికి మానేయవచ్చని కూడా అనుమతించేది. చాలామంది మానేస్తూ వచ్చారు. 2021 జూన్ 24 తెల్లవారుజామున మయామీ దగ్గరి సర్ఫ్‌సైడ్‌లో 1981లో కట్టిన 12 అంతస్తుల చాంప్లైన్ టవర్స్ సౌత్‌లో దాదాపు సగం కూలి 98 మంది చనిపోయారు. ఈత కొలను చుట్టూ ఉన్న పలకలో నష్టం గురించి 2018లోనే ఇంజనీరు నివేదిక ఉంది, సుమారు 1.5 కోట్ల డాలర్ల ప్రత్యేక వసూలుకు బోర్డు ఆమోదం తెలిపింది మాత్రం 2021 ఏప్రిల్‌లో. 2022లో రాష్ట్రం చట్టం మార్చింది. మూడంతస్తులు, ఆపైన ఉన్న కాండొమినియంలు పైకప్పు, కట్టడపు ఎముకలు, నీటి గొట్టాలు, విద్యుత్తు, నీరు చొరకుండా వేసే పూతలు, కిటికీలు వంటివాటికి అర్హులైన నిపుణుల చేత లెక్క కట్టించాలి; ఆ రిజర్వును ఇక మునుపటిలా ఓటుతో ఎగ్గొట్టలేరు. ఆ అధ్యయనానికి గడువును తరువాత 2025 డిసెంబరు 31 దాకా పొడిగించారు.

లెక్క చిన్నదే. పైకప్పు మార్చడానికి 9,00,000 డాలర్లు అనుకుందాం, ఇంకా ఆరేళ్ళు నిలుస్తుంది, చేతిలో 3,00,000 ఉంది. ఏటా 1,00,000 వేయాలి. 150 ఫ్లాట్లకు పంచితే ఫ్లాటుకు నెలకు సుమారు 56 డాలర్లు. ఇలాంటి వరుసలు ఏడెనిమిది కలిస్తే డ్యూస్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. అప్పుడు బోర్డులో ఎవరో ఒకరు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరును తీసేద్దామంటారు, రాత్రి కాపలా తగ్గిద్దామంటారు. సూపర్‌వైజరు జీతం అద్దెల కార్యాలయానిది, ఆమెను తీసేస్తే డ్యూస్‌లో ఒక్క సెంటు తగ్గదు. ఈ మాట నేను గంటల పట్టిక చేతిలో పెట్టుకుని చెప్పగలుగుతున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒక మంచి ఉద్యోగి పైకప్పు కింద నలిగిపోయేది. రిజర్వులో లేనిది మరొకటుంది. తుపాను బీమాలో మినహాయింపు, అంటే నష్టంలో బీమా కంపెనీ ఇవ్వక మనమే భరించాల్సిన మొదటి భాగం, డాలర్లలో కాదు, కట్టడం విలువలో శాతంగా ఉంటుంది. 6 కోట్ల డాలర్ల విలువకు 3 శాతమంటే 18 లక్షలు, ఫ్లాటుకు 12,000. యజమాని సొంత పాలసీలో ఇలాంటి వసూళ్ళకు ఉండే కవరేజీ చట్టప్రకారం కనీసం 2,000 డాలర్లు మాత్రమే. దాన్ని పెంచుకొమ్మని ప్రతి జూన్‌లోనూ ఉత్తరం రాస్తాను.

బడ్జెట్ సమావేశానికి 14 రోజుల ముందు ప్రతిపాదిత బడ్జెట్ ప్రతి యజమానికీ చేరాలి. ఈమెయిలుకు ఒప్పుకోనివారు ఇంకా అరవై మందికి పైగా ఉన్నారు కాబట్టి కాగితాలు మడిచి, కవర్లలో పెట్టి, స్టాంపులు అంటించాలి. సీజను ముగిసి పని తగ్గిన ఇద్దరు హౌస్‌కీపర్లను ఈ వారం ఆఫీసు బల్ల దగ్గర కూర్చోబెట్టాను. వారిలో ఒకామె సాయంత్రం ఫోను తీసి, ఏ గుర్తు నొక్కాలని అడగకుండానే, తన ఆరు గంటలను అసోసియేషన్ కింద వేసింది.